చప్పిడి మెతుకులు

ఆ ఉదయం యోబు అన్నం వార్చి, గిన్నె మీద మూత పెట్టి, మూత మీద ఇటుకముక్క పెట్టాడు. చేపల చెరువుల గట్ల మీద కాకులు మూతలు దొర్లించడంలో ఆరితేరిపోయి ఉంటాయి. ఇటుక సరిగ్గా కూర్చుందో లేదో వేలితో ఒకసారి కదిపి చూసుకుని, తవుడు సంచులు పడవలోకి ఎక్కించుకుని, చెరువులో పాతిన కర్రలకు ఆ మేత కట్టడానికి వెళ్ళాడు. మే నెల. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. మేత కట్టి తిరిగొచ్చి, గట్టు ఎక్కి, తలపాగా విప్పి మొహం తుడుచుకోబోతూ కూలబడిపోయాడు.

పక్క చెరువు కాపలాదారు బంగార్రాజుకి ముందు వినపడింది యోబు కుక్క గొంతు. అరవబోయి దగ్గుతోంది, దగ్గు ఆగగానే మళ్ళీ అరవబోతోంది. ఆ తేడా విని తల తిప్పి చూశాడు. యోబును చేపల వ్యానులో వేసుకుని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇటుక పెట్టిన గిన్నె అలాగే ఉండిపోయింది.

యోబుకు మిగిలిన రక్తసంబంధం ఒక్కతే, చెల్లెలు దేవకుమారి. ఏలూరులో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. భర్త రూబెన్ పోయాక మేడ మీద గదిలో ఒక్కతే ఉంటోంది. అన్న గట్టు మీద ఒక్కడు, చెల్లెలు మేడ మీద ఒక్కతి, మధ్యలో కొల్లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను చేసుకునేవారు. "ఎలా ఉన్నావన్నయ్యా?" "బానే ఉన్నానమ్మా." "తిన్నావా?" "తిన్నాను." ఆ మాటలు ఎన్నేళ్ళుగానో అవే. వాటి అడుగున ఈమధ్య ఇంకొకటి పేరుకుంది. అన్నయ్య తన చేతి కూర ముట్టడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

యోబు మండవల్లి దగ్గరి లంకలో పుట్టాడు. చెల్లెలు పుస్తకాల వెంట పోతే ఆయన నీళ్ళ వెంట పోయాడు. కుర్రతనంలో చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు చెల్లెలి కోసం ఒక ఐసుగడ్డ ఊకలో పొదివి తెచ్చేవాడు. "చేపల కంపన్నయ్యా" అని ఆమె మూతి ముడిస్తే, నూతి దగ్గర కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగి ఇచ్చేవాడు. కడిగీ కడిగీ చేతికొచ్చేసరికి అది ఉసిరికాయంత అయిపోయేది. అదే చప్పరిస్తూ ఆమె ఎక్కాలు వల్లించేది.

పెళ్ళయింది, పిల్లలు నిలవలేదు. భార్య దీనమ్మ మంచాన పడి, చాలాకాలం లాగి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు ఆయనకు పెద్దదైపోయింది. చెరువు గట్టు మీద కాపలాకి కుదిరి, రేకుల షెడ్డులోకి మంచమూ స్టవ్వూ ఒక పాటల పుస్తకమూ తెచ్చుకున్నాడు. ఆదివారం తప్ప జనంలోకి వచ్చేవాడు కాదు. గుడిలో ఆయన గొంతు అందరికంటే కింద, పునాదిలాగా వినపడేది. బయటికొచ్చాక ఆ గొంతుతో రెండు మాటలు మాట్లాడించడం కష్టం.

బుడమేరు వరద కొల్లేట్లోకి దిగిన ఏడు, గట్టు మీద తవుడు బస్తాల గుట్టెక్కి కూర్చుని కనపడింది ఆ కుక్క. ఊరకుక్క. అప్పటికే మూతి నెరిసింది. మీసాలు మాత్రం జెల్లచేపకున్నట్టు చెరోవైపూ బారుగా ఉన్నాయి. నీళ్ళు తీసినా అది దిగలేదు. యోబు దానికి జెల్ల అని పేరు పెట్టాడు. చెరువు మీద వాలే నీటికాకుల్ని తరమడం దాని ఉద్యోగం. ఈ చివరి నుంచి ఆ చివరికి గట్టంతా దానిదే. ఫోనులో అన్నయ్య గొంతు మారిందని దేవకుమారి కనిపెట్టింది. "ఇవాళ జెల్ల ఏం చేసిందో తెలుసా" అని తనంతట తానుగా మొదలెట్టేవాడు. బడిపిల్లల తల్లుల దగ్గర విన్న గొంతు అది.

చలికాలం పోతుండగా ఒకరోజు జెల్ల నీటికాకుల వెంట పరిగెత్తి, గట్టు మధ్యలో పక్కకి ఒరిగిపోయింది. యోబు వెళ్ళేసరికి లేచి నిలబడి, ఏమీ జరగనట్టు తోక ఊపింది. తర్వాత దగ్గు పట్టుకుంది. పడుకున్నా డొక్కలు ఎగిరెగిరి పడేవి. తెల్లవారుజామున చెరువులో గాలి చాలక చేపలు నోళ్ళు పైకి పెట్టాయేమోనని నీళ్ళు చూడటం యోబుకి అలవాటు. ఇప్పుడు నీళ్ళకంటే ముందు ఆ డొక్కలు చూసేవాడు.

తాడేపల్లిగూడెంలో కుక్కల్ని చూసే డాక్టరుగారున్నారని ఎవరో చెప్పారు. ఖాళీ ఐసు వ్యాను అటు వెళుతుంటే, డ్రైవరు సత్తిబాబును బతిమాలి దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. డాక్టరుగారు చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు.

"గుండెజబ్బు ఉండొచ్చండీ. లోపల చప్పుడు తేడాగా ఉంది. గన్నవరం పశువుల కాలేజీకి తీసుకెళ్ళి స్కాను తీయిస్తేగాని గట్టిగా చెప్పలేం. ఈలోపు ఈ మాత్రలు వాడండి. పరిగెత్తనివ్వకండి. ఉప్పు బాగా తగ్గించండి. ఎండుచేపలు అసలు చూపించొద్దు."

"అంటే చప్పిడాండీ?"

"ఆఁ, చప్పిడే అనుకోండి."

తిరుగు దారిలో ఏలూరులో చెల్లెలింటి ముందు దిగాడు. ఆ రోజు దేవకుమారి ఇంట్లో స్త్రీల సమాజం కూడిక. కుక్కని మెట్ల మీద కూర్చోబెట్టి తానూ దాని పక్కనే కూర్చున్నాడు. టీ కప్పులతో ఆడవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చారు.

"ఏవన్నారన్నయ్యా డాక్టరుగారు?"

"ఉండొచ్చన్నారమ్మా."

"ఏది? జబ్బా, కుక్కా?"

యోబు కాస్త ఆలోచించాడు. "రెండూ ఉండొచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా.

"ఉప్పు మానిపించాలంట" అన్నాడు.

సమాజం సెక్రటరీ మెర్సీ కప్పు పక్కన పెట్టి, "ఏవండీ యోబుగారూ, మనకింకా శ్రమకాలం రానేలేదు, మీ కుక్క అప్పుడే ఉపవాసం మొదలెట్టేసిందాండీ?" అంది. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల ఊపులో దేవకుమారి నోటి నుంచీ ఒకటి వచ్చింది.

"మా వదిన మంచాన పడ్డప్పుడు కూడా ఇంత పథ్యం చూళ్ళేదమ్మా నేను."

ఎవరూ నవ్వలేదు. యోబు కుక్క మెడ మీద చెయ్యి వేశాడు. దీనమ్మకి జావ కాచి, చల్లార్చి, చెంచాతో పోసింది ఆయనేనని ఆ గుమ్మంలో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. దేవకుమారికి అందరికంటే బాగా తెలుసు.

"పొద్దోయింది, వస్తానమ్మా" అని లేచాడు. కుక్కని ఎత్తుకుని మెట్లు దిగాడు.

బీపీ మాత్రల కోసం ఆయన నెలనెలా ఏలూరు రావడం మామూలే. మాత్రలు తీసుకుని, చెల్లెలింట్లో భోంచేసి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళేవాడు. ఆ తర్వాతి నెల కూడా అలాగే వచ్చాడు, కుక్క లేకుండా. దేవకుమారి మామిడికాయ వేసి కొరమేను పులుసు పెట్టింది. క్షమించమని నోటితో అనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పులుసు పెట్టడమే ఆ మాట. యోబు తిన్నాడు, మెచ్చుకున్నాడు. తర్వాత వంటింటి బయట కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం మొదలెట్టాడు. సబ్బుతో కడిగాడు. నిమ్మచెక్క అడిగి తీసుకుని రుద్దాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ సబ్బు అందుకున్నాడు. దేవకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏంటన్నయ్యా, విషం ముట్టుకున్నట్టు కడుగుతున్నావు?"

"వాసనమ్మా."

"చేపల చెరువు మీద బతికేవాడికి చేపల వాసనొచ్చిందా?"

యోబు ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం చూశాడు. కండువాతో చెయ్యి తుడుచుకుని, నవ్వి, బస్సుకి బయల్దేరాడు.

ఆ మరుసటి నెల శ్రమకాలం. పులుసు వద్దన్నాడు. ఉపవాస దినాలు కదా అనుకుంది. ఒట్టి అన్నంలో మజ్జిగ పోసుకుని తిని వెళ్ళాడు. ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. ఈసారి పులుసుతోపాటు ఆవకాయ కొత్త జాడీ కూడా తీసింది. ఆవకాయ కనపడితే యోబుకి అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ దిగుతుంది. చిన్నప్పుడు జాడీ మూతకంటిన ఎర్రటి నూనె కోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు.

"వద్దమ్మా, మజ్జిగ చాలు."

"పోనీ మజ్జిగలోకి ఉప్పు?"

"వద్దు."

"రవ్వంత కూడానా?"

"వద్దులేమ్మా."

దేవకుమారి ఉప్పు గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయింది. జీవితమంతా తెలుగు చెప్పింది ఆమె. ఒకరింటి ఉప్పు తినడమంటే ఏమిటో, తినకపోవడమంటే ఏమిటో తరగతి గదిలో ఎందరికో విడమర్చి చెప్పింది. ఇప్పుడు ఆ పాఠం తన వంటింట్లోకే వచ్చి పీట వేసుకుని కూర్చుంది. అన్నయ్య తన ఇంటి ఉప్పు వద్దనుకున్నాడు. తిట్టలేదు, రావడం మానలేదు, మొహం మాడ్చుకోలేదు. ఆ నెమ్మది మనిషి కోపం ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది. పులుసు చట్టి అలాగే ఉండిపోయి, మర్నాటికి పులిసి, చెత్తలోకి పోయింది.

ఆ తర్వాత ఆదివారాల ఫోన్లలో మాటలు ఇంకా తగ్గాయి.

"జెల్ల ఎలా ఉంది?"

"ఉంది."

"స్కానుకి?"

"చెరువులో చేపల పట్టుబడి అయ్యాక వెళ్తానమ్మా. అప్పుడైతే వ్యాను ఖాళీ."

"దగ్గు తగ్గిందా?"

"తగ్గినట్టే ఉంది. తింటోందిప్పుడు. తింటే చాలు."

ఆ చివరి మాట అన్నప్పుడు గొంతు చాలా తృప్తిగా ఉండేది. దేవకుమారి ఆ తృప్తికి ఉడుక్కునేది. కుక్క తింటే చాలంట! చెల్లెలింట్లో తాను తినకపోతే మాత్రం ఏమీ లేదు. అన్నయ్యా, నా మీద కోపమా అని అడుగుదామని ప్రతి ఆదివారం అనుకునేది. ఫోను పెట్టేశాక, ఆ మాట ఎలా అడిగి ఉండాల్సిందో పైకే అనుకుంటూ గదిలో తిరిగేది. ఈసారి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడగాలని తీర్మానించుకుంది.

వ్యానులో వచ్చాడు.

ఆసుపత్రిలో ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు ఎక్కడో ఉంది. మంచం పక్కన ఎవరూ లేని చోటు చూసి "కూర్చో, కూర్చో" అంటున్నాడు. దేవకుమారిని చూసి దీనమ్మా అన్నాడు. ఒకసారి చెల్లెలి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. మతి తప్పిందనుకుంది.

డాక్టరుగారు కుర్రాడు, నెమ్మదిగా మాట్లాడాడు. "ఒంట్లో సోడియం బాగా పడిపోయిందమ్మా. అంటే ఉప్పన్నమాట. బీపీ మాత్ర వల్ల మూత్రంలో కొంత పోతుంది, ఎండలో చెమటతో కొంత పోతుంది. పెద్దవయసు కదా. అయినా ఇంతలా పడిపోయిందంటే... పెద్దాయన ఉప్పు మానేశారా?"

"మా అన్నయ్యా? ఆవకాయ లేందే ముద్ద దిగదండీ."

అనేశాక, మా ఇంట్లో మాత్రం మానేశాడు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అన్నాచెల్లెళ్ళ మధ్య అలకలు డాక్టర్లకెందుకని మింగేసింది. డాక్టరుగారు తల ఊపి వెళ్ళిపోయాడు. చెయ్యవలసిందంతా చేస్తూనే ఉన్నారు. బాటిల్లోంచి ఉప్పునీళ్ళు చుక్కచుక్కగా దిగుతున్నాయి. అన్నయ్య ఒంట్లోకి చివరికి ఇలా ఎక్కాలా ఉప్పు అనుకుంటూ ఆమె ఆ చుక్కలు చూస్తూ కూర్చుంది. కోలుకుంటాడనే అన్నారు. కానీ మధ్యలో ఫిట్సు వచ్చాయి, తర్వాత ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. యోబు కోలుకోలేదు.

దీనమ్మ పక్కనే సమాధి చేశారు. గుడిలో పాట ఎత్తుకుంటే అడుగున ఉండవలసిన గొంతు లేక, పాట ఎటో తేలిపోయినట్టనిపించింది ఆమెకు.

భూస్థాపన అయిన మర్నాడు దేవకుమారి చెరువు గట్టు మీదికి వెళ్ళింది. గట్టు మొదట్లో టిఫిను బడ్డీ నడిపే మాణిక్యం తోడొచ్చింది. యోబు పడిపోయిన దగ్గర్నుంచీ కుక్కకి మాత్రలు వేస్తున్నది ఆమే. దాన్ని ఏలూరు తీసుకెళ్ళిపోవాలని, గన్నవరంలో ఆ స్కానేదో తీయించాలని దేవకుమారి నిశ్చయించుకుంది. అన్నయ్య తన మీద ఏ కోపంతో పోయాడో గాని, ఆయన మిగిల్చిన పని ఇదొక్కటే కనపడుతోంది.

షెడ్డు సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. పాటల పుస్తకం, రెండు పంచెలు, దీనమ్మ ఫోటో. స్టవ్వు పక్కన ఒకటే అన్నం గిన్నె, ఇటుకముక్క. గిన్నెని మాణిక్యం ఆ రోజే కడిగి బోర్లించిందట. కుక్కకి వేరే గిన్నె కోసం చూస్తే కనపడలేదు. ఉప్పు డబ్బా మూత తీసింది. ఉప్పంతా చెమ్మ పీల్చి రాయిలా గట్టిపడిపోయి ఉంది. లోపల పాతుకుపోయిన చెంచా లాగితే డబ్బా మొత్తం లేచొచ్చింది. ఎన్నాళ్ళ నుంచి ముట్టుకోలేదో. పక్కనే ఆమె పంపిన ఆవకాయ సీసా, కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

దేవకుమారి ఆ డబ్బా చేతిలో పట్టుకునే బయటికొచ్చింది.

జెల్ల చూరు నీడలో పడుకుని ఉంది. డొక్కలు ఎగురుతున్నాయి. ఎదురుగా విస్తరాకులో మాణిక్యం వండి తెచ్చిన చప్పిడన్నం ఎండిపోతోంది.

"మాత్ర మింగుతోందండీ, అన్నమే సరిగ్గా ముట్టట్లేదు" అంది మాణిక్యం. "మీరు ఇంటిమనిషి గదా, మీరు పెట్టి చూడండమ్మా."

దేవకుమారి కింద కూర్చుంది. ఒక ముద్ద కలిపి, దాని మూతి దగ్గర పెట్టింది. జెల్ల లేచింది. పొడుగాటి మీసాలు ముందుకు చాచి, అన్నాన్ని వదిలేసి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ వాసన చూసింది. పొద్దున్నే మెర్సీ తెచ్చిపెట్టిన అన్నంలో ఆవకాయ కలుపుకుని తిని బస్సెక్కింది దేవకుమారి. జెల్ల మొహం తిప్పుకుని మళ్ళీ పడుకుంది.

"ఇంతేనండీ" అంది మాణిక్యం. "ఆయనతో కూడా ఇంతే చేసేది. మొదట్లో చప్పిడి ముట్టుకోలేదు. ఆయనేమో చేపల కూర తిని, దానికి చప్పిడన్నం పెడితే, ఆయన చెయ్యి వాసన చూసి అలిగి పడుకునేది. ఇలా కాదని ఇద్దరికీ ఒకే గిన్నెలో ఉప్పు లేకుండా వండి, ముందు తాను తిని, ఆ చెయ్యి చూపించి పెట్టేవారు. అప్పుడు తినేది. ఒకసారి ఏలూరులో పులుసు తినొచ్చారంట, చెయ్యి ఎంత కడుక్కున్నా పట్టేసిందండీ. ఆ పూటా మర్నాడూ మెతుకు ముడితే ఒట్టు. అప్పట్నుంచీ ఎక్కడ తిన్నా చేతికి ఉప్పు కూడా తగలనిచ్చేవారు కాదు. ఆ రోజే అన్నారు నాతో, 'ఇంక మా దేవమ్మ ఇంట్లో కూడా తినకూడదే మాణిక్యం, దాని చేతి పులుసు వాసన తొందరగా పోదు' అని."